చీటీ అయితే ఇచ్చాను

17 జనవరి, సోమవారం

ఈ డైరీ పిల్లల కోసం అచ్చు వేసింది. నలభై దాకా మిగిలిపోయి స్టోర్ రూంలో పడి ఉన్నాయి. ఎలుకలు మొదలుపెట్టాయి. ఒకటి నేను తీసుకున్నాను. దొంగతనం కాదు, ఎలుకలతో వాటా.

పేజీకి మూడు గడులు: ఇంటిపని, టీచర్ రిమార్కు, తల్లిదండ్రుల సంతకం. ఐదో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి, నలభై ఏడేళ్లొచ్చాక బడిలోనే అటెండరుగా తేలినవాణ్ణి. నా ఇంటిపని చూసేవాళ్లు లేరు, సంతకం పెట్టాల్సిన ఇద్దరూ పోయారు. గడులన్నీ నావే.

ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు ఎక్కువయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో టైరు కాలితే మా గల్లీలో స్కూలు మూతపడుతుంది. గేటు దగ్గర ఒక్కణ్ణే కూర్చుంటాను. నా నోరు ఊరుకునే రకం కాదు. వినేవాళ్లు లేకపోతే చేతికైనా పని చెప్పాలి.

ఈరోజు సోషల్ సార్ వెంకట్రావు గారిని ఏడిపించాను. రేపు చదివి నవ్వుకోవడానికి మొత్తం రాసి పెట్టుకుంటాను.

మా ప్రిన్సిపాల్ త్రినాథరావు సారు ఎవరినీ కేకేసి పిలవడు. చీటీ రాస్తాడు. తెల్లచీటీ అయితే మామూలు పని. గులాబీ చీటీ అయితే టీచరుకి మూడినట్టే. నేను పట్టుకుని క్లాసుకి పోవాలి. టీచరు పిల్లల ముందే చదివి, వెనక సంతకం పెట్టి నాకు తిరిగి ఇవ్వాలి. నేను తెచ్చి సారు ట్రేలో వేయాలి. శనివారం మీటింగులో ఆ వారం ఎవరికి గులాబీలు ఎక్కువ వస్తే వాళ్లు నిలబడి తమ చీటీలన్నీ తామే పైకి చదవాలి. సారు దీనికి పెట్టిన పేరు ఆత్మపరిశీలన. బయట గులాబీ కండువా వేసుకున్నవాడు ఎగిరెగిరి నడుస్తున్నాడు, లోపల గులాబీ కాగితం చూసినవాడు గోడ పట్టుకుంటున్నాడు.

నేను గుమ్మంలో నిలబడితే పిల్లలందరూ ముందు నా చెయ్యి చూస్తారు. టీచర్లు నా మొహం చూస్తారు. కలెక్టరుకి కూడా అంత మర్యాద ఉండదు.

చీటీల కట్టలు నా బల్ల మీదే ఉంటాయి. సారు పొట్టి సంతకం కోడి గీకినట్టు ఉంటుంది. ఒక గులాబీ చీటీ మీద నేను కూడా గీకి, పట్టుకుపోయి ఇచ్చాను. వెంకట్రావు సారు పీరియడ్ అంతా ఆఫీసు బయట నిలబడి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బెల్లు కొట్టాక చెప్పాను.

"ఎవ్వరు పిలువలే సార్. జర నవ్వుకుందమని."

"ఓరి నీ దుంపతెగ! ప్రాణం పోయిందనుకున్నానయ్యా మైసయ్యా," అని నవ్వాడు. ఏలూరు వైపు మనిషి, కోపం రాదు. తర్వాతి క్లాసుకి పుస్తకం లేకుండానే వెళ్లాడు గానీ, నవ్వాడు. నవ్వితే నవ్వినట్టే.

20 జనవరి, గురువారం

లెక్కల మేడం సుమలత ఇవాళ బోర్డు మీద సున్నా చుట్టింది. వృత్తం అంటారట. కంపాసు లేదు, దారం లేదు. చాక్‌పీసు పెట్టి చెయ్యి ఒక్కసారి తిప్పింది, పూర్ణచంద్రుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వరండాలో చీపురు పట్టుకున్న నేను కూడా కొట్టాను.

ఈవిడది నాదర్‌గుల్. అక్కడ విమానాలు నేర్పేవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల బుల్లి విమానం ఇంటి మీద ఎన్నిసార్లు తిరిగిందో చూసొచ్చి, దాని మీద లెక్క ఇస్తుంది. ఎనిమిదేళ్లుగా ఇక్కడే. మా అమ్మాయి రమ్యకి పదో తరగతి లెక్కల్లో తొంభై ఒకటి వచ్చాయంటే ఈవిడ పుణ్యమే. మూడు నెలలు సాయంత్రాలు కూర్చోబెట్టి ఊరికే చెప్పింది.

మంచి మనిషి. మంచివాళ్లని ఏడిపిస్తేనే మజా.

1 ఫిబ్రవరి, మంగళవారం

టీ ఇవ్వడానికి పోతే సారు గదిలో సుమలత మేడం నిలబడి ఉంది. చౌటుప్పల్ దాటాక ఏదో ట్రస్టు వాళ్ల గురుకులం ఉందట. అక్కడ ఉద్యోగం వచ్చిందట. ఈ ఇరవై ఐదో తారీఖున ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి చూపించాలి. చూపించకపోతే లిస్టులో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారట.

ఒరిజినల్స్ సారు దగ్గర ఉంటాయి. చేరిన రోజే అందరివీ తీసుకుని ఇనప బీరువాలో పెడతాడు. తాళంచెవి కారు తాళంతో కలిపి ఆయన నడుముకే.

"టెన్త్ పరీక్షలు పెట్టుకుని ఎక్కడికమ్మా?"

"జూన్‌ల చేరుడు సార్. గిప్పుడు చూపిచ్చి మళ్ల తెచ్చి మీకే ఇస్త."

"చూద్దాం."

మా స్కూల్లో చూద్దాం అంటే లేదు అని. టీ చల్లారిపోతోందని నేను దగ్గాను.

5 ఫిబ్రవరి, శనివారం

ఈ వారం గులాబీల పంట అంతా సుమలత మేడానిదే. ఏడు. అన్నీ నా చేత్తోనే ఇచ్చాను, అన్నీ అసలువే. ఒక్కటి కూడా నాది కాదు.

మీటింగులో లేపారు. మొదటిది, బోర్డు మీద అంకెలు వంకర. రెండోది, క్లాసులో పిల్లలు నవ్వుతున్నారు. మూడోది, క్లాసులో పిల్లలు ఉత్సాహంగా లేరు.

"గట్టిగా చదవమ్మా. వెనకవాళ్లకి వినపడద్దూ?" అన్నాడు సారు.

గట్టిగా చదివింది. నాలుగోదానికి గొంతు సన్నబడింది. ఆరోదానికి పెదాలే కదిలాయి. ఏడోది సారు చదివి పెట్టాడు.

తర్వాత స్టాఫ్ రూంలో నేను కొంగు కప్పుకున్నట్టు టవలు కప్పుకుని, గులాబీ చీటీ పట్టుకుని, ఆమె గొంతుతో మొదలుపెట్టి ఆరోదానికి చేపలా నోరు ఆడించాను. టీచర్లు పడీ పడీ నవ్వారు. వాళ్ల వంతు రానందుకు నవ్వారో, నా ఆటకి నవ్వారో, నాకెందుకు. వెంకట్రావు సారు నవ్వలేదు. ఆయనకి షుగరు.

మేడం గుమ్మంలో ఉందని నాకు తెలియదు. తెలిస్తే ఇంకా బాగా చేసేవాణ్ణి.

9 ఫిబ్రవరి, బుధవారం

మేడం బోర్డు మీద సున్నా చుట్టి చెరిపేసింది. మళ్లీ చుట్టి మళ్లీ చెరిపేసింది. తర్వాత నన్ను పిలిచి స్టోర్ రూంలోంచి చెక్క కంపాసు తెప్పించుకుంది. అది పెట్టి గీసి పిల్లల వైపు తిరిగి "కరెక్టేనా?" అని అడిగింది.

ముందు బెంచీ పిల్ల "మాకేం ఎర్క మేడం, మీరే చెప్పాలె" అంది.

అది నవ్వే మాటే. నేను నవ్వాను.

14 ఫిబ్రవరి, సోమవారం

ఇవాళ్టిది రాయాలా వద్దా అని చూశాను. రాస్తాను.

తెల్లచీటీ మీద రాశాను. "ఒరిజినల్స్ తీసుకొనుటకు వెంటనే రావలెను." కింద కోడి గీకుడు. మూడో పీరియడ్‌లో పట్టుకుపోయాను.

ఆమె చదివింది. మొహం ఎట్లా అయిందంటే, రమ్య పుట్టినప్పుడు నర్సు బయటికి తెచ్చి చూపిస్తే నా భార్య పూలమ్మ తల్లి మొహం అట్లా అయింది. "మైసయ్యా, నీ నోట్ల చక్కెర పొయ్య," అంది. రోజూ బ్యాగులో పెట్టుకుని తిరుగుతోందట, ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తీసుకుంది. చాక్‌పీసు చేతిలో అట్లాగే ఉంది. మెట్లు గబగబా దిగింది. నేను వెనకే దిగాను, చూడాలి కదా.

సారు గదిలో పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్లను సాగనంపడానికి సారు బయటికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇక్కడ?"

"సర్టిఫికెట్లకు, సార్..."

"ఎవరు పిలిచారు నిన్ను?" తర్వాత వాళ్ల వైపు తిరిగాడు. "చూశారా అండీ? టెన్త్ పరీక్షలు నెత్తి మీదున్నాయి. మా మేడంగారు క్లాసు గాలికొదిలేసి కాగితాలకి వచ్చారు. మీ పిల్లలకి మార్కులు రాకపోతే నన్నడుగుతారు మీరు."

ఒకామె "మా వాడు చెప్తనే ఉన్నడు, ఈ మేడం మొన్నటిసంది అదోతీరుగ ఉంటుందని" అంది.

సుమలత మేడం నన్ను చూసింది. నేను గచ్చు చూశాను. చీటీ ఆమె పిడికిట్లో ఉంది. పిడికిలి విప్పితే నా ఉద్యోగం అక్కడికక్కడే పోయేది. విప్పలేదు.

"పొరపాటైంది సార్," అని మెట్లెక్కి పోయింది.

మధ్యాహ్నం నీళ్ల డ్రమ్ము దగ్గరికి వచ్చింది. వెంకట్రావు సారు, ఇంకో ఇద్దరు టీచర్లు అక్కడే ఉన్నారు. నలిగిన చీటీ నా చేతిలో పెట్టింది.

"మైసయ్యా, రమ్య గూడ టీచరైతనంటుండె కద. దానికి గూడ గిట్లనే తెచ్చిస్తవా?"

ఎవరూ నవ్వలేదు. నేనే నవ్వాను, ఎవరో ఒకరు నవ్వాలి కదా అని. నా నవ్వు నాకే వినపడింది.

అంత మాట అనాల్సిన పని లేదు. నేనేం చేశాను? కాగితం ముక్క. అందరిముందు ఇంట్లో ఆడపిల్ల పేరు ఎత్తడం మర్యాదా?

ఎల్‌బీ నగర్‌లో ఇంటికొచ్చి పూలమ్మకి, రమ్యకి ఇదంతా ఆడి చూపించాను. మేడం పరుగు, ఫోల్డరు, సారు మాట, అన్నీ. రమ్య కంచం ముందు నుంచి లేచిపోయింది. కూరలో ఉప్పు ఎక్కువైనట్టుంది.

17 ఫిబ్రవరి, గురువారం

ఆఫీసుల వాళ్లు ఇవాళ్టినుంచి సర్కారుకి సహాయ నిరాకరణ మొదలుపెట్టారు. సాయంత్రం చౌరస్తాలో ఆత్మగౌరవం అని అరిచి అరిచి గొంతు పోయింది. నా అంత గట్టిగా ఎవరూ అరవలేదు. పక్కన ఒకాయన భుజం తట్టాడు.

18 ఫిబ్రవరి, శుక్రవారం

మేడం నా చేతి నీళ్లు తాగడం లేదు. సీసా తెచ్చుకుంటోంది. మంచిదే, నాకు ఒక గ్లాసు తక్కువ.

21 ఫిబ్రవరి, సోమవారం

రేపూ ఎల్లుండీ బందు. సారు సాయంత్రం నాలుగింటికి కుటుంబంతో కారులో విజయవాడ పోతున్నాడు. ఆదివారం దాకా రాడు. తాళంచెవీ ఆయనతోనే పోతుంది.

మధ్యాహ్నం వెంకట్రావు సారు ప్రిన్సిపాల్ గదిలోకి పోయాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"ఆ అమ్మాయివి ఇచ్చెయ్యండి సార్. చూపించి తెచ్చేస్తుంది. నా ఒరిజినల్స్ మీ దగ్గరే ఉన్నాయిగా, ఆ అమ్మాయికి నేను పూచీ."

ప్రయాణం హుషారులో ఉన్నాడో ఏమో, సారు "సరే, మీ మొహం చూసి" అన్నాడు. వెంకట్రావు సారు మలక్‌పేట దవాఖానలో షుగరు చూపించుకోవాలని అటునుంచి అటే వెళ్లిపోయాడు.

సారు బీరువా తీశాడు. సుమలత మేడం ఫైలు నేను చూస్తుండగానే బల్ల మీద పెట్టాడు. తెల్లచీటీ రాశాడు. "ఒరిజినల్స్ తీసుకొని సంతకం చేయవలెను. 4 లోపు." కోడి గీకుడు. నేను రాసినదానికీ దీనికీ ఇద్దరు అన్నదమ్ములకి ఉన్నంత తేడా.

"త్వరగా ఇచ్చిరా."

టెన్త్ బి రెండో అంతస్తు. మెట్లు ఎక్కుతూ ఏం చెప్పాలో అనుకున్నాను. మేడం, ఒట్టు, ఇది నిజం, ఫైలు బల్ల మీద నా కళ్లతో చూసిన. ఇంతే. ఇది చెప్పాలని నిజంగా అనుకున్నాను. ఇక్కడ అబద్ధం రాసుకోవాల్సిన పని లేదు.

గుమ్మంలో నిలబడ్డాను. పిల్లలు నా చెయ్యి చూశారు. ఆమె నా మొహం చూసింది. అప్పుడు నీళ్ల డ్రమ్ము దగ్గరి మాట గుర్తొచ్చింది. నా మొహం మీదికి రోజూ వచ్చే నవ్వు వచ్చింది. దాన్ని నేనేం పిలవలేదు.

"సార్ పిలుస్తుండు మేడం. ఒరిజినల్సట," అన్నాను. కన్ను కొట్టానా? కొట్టలేదు. కొంచెం.

ఆమె చీటీ చదివింది. చాలాసేపు చదివింది, ఒక్క ముక్క ఉన్నదాన్ని. వెనక్కి తిప్పి ఏదో రాసి ఇచ్చింది.

"తలుపు దగ్గరికేసి పో మైసయ్యా."

బయటికి వచ్చి చూశాను. "ఈసారి రాను. సుమలత."

రెండో అంతస్తు నుంచి కిందికి ముప్పై ఎనిమిది మెట్లు. వెనక్కి పోయి చెప్తే నమ్మేదా? నమ్మేది కాదు. సారుకి చెప్తే? నా పరాచికం అనుకుంటోంది సార్ అంటే, ఏం పరాచికం అని అడిగేవాడు. పధ్నాలుగో తారీఖుది బయటపడేది. వెంకట్రావు సారుది బయటపడేది. గంటసేపు తిట్టేవాడు. తీసేసినా తీసేసేవాడు.

ట్రేలో వేశాను.

సారు చదివాడు. మెడ ఎర్రగా అయింది. "రానని రాసిస్తుందా? చూశావా మైసయ్యా, ఇచ్చే చెయ్యి కనపడితే ఎంత పొగరో."

"అవ్ సార్," అన్నాను.

ఫైలు బీరువాలోకి పోయింది. నాలుగింటికి కారు కదిలింది. గేటు నేనే తీశాను. నాలుగున్నరకి మేడం పోయింది. అప్పుడూ గేటు నేనే తీశాను.

చీటీ అయితే ఇచ్చాను.

22 ఫిబ్రవరి, మంగళవారం

బందు. చీటీ అయితే ఇచ్చాను.

23 ఫిబ్రవరి, బుధవారం

బందు. "ఎల్‌బీ నగర్ చౌరస్తల అందరు కూసున్నరు, నువ్వు పోలేదేంది నాయినా?" అని రమ్య అడిగింది. కాలు నొప్పి అన్నాను. ఏ కాలు అంది. నవ్వించడానికి రెండు కాళ్లూ కుంటి చూపించాను. నవ్వలేదు.

24 ఫిబ్రవరి, గురువారం

స్కూలు తెరిచారు. వెంకట్రావు సారు పొద్దున్నే స్టాఫ్ రూంలోకి నవ్వుకుంటూ పోయాడు.

"ఏమ్మా సుమలతా, తీసుకున్నావుగా? ఇక రేపు ధైర్యంగా వెళ్లు."

"ఏంది సార్ తీసుకునేది?"

"అదేంటమ్మా! సోమవారం ఇస్తానన్నాడు కదా నాతో. చీటీ పంపలేదూ?"

నేను బెంచీలు తుడుస్తున్నాను. తుడిచిన బెంచీనే తుడుస్తున్నాను.

ఆమె లేచింది. ఆఫీసు గది దాకా పోయి తాళం పట్టుకుని చూసింది. ఫోను చేసింది. సారు గొంతు ఫోనులోంచి నాక్కూడా వినపడింది. "నేను పిలిచాను. నువ్వే రానని రాసి పంపావు. సోమవారం వచ్చాక చూద్దాం."

గేటు దగ్గరికి వచ్చి నా స్టూలు మీద కూర్చుంది. నేను నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, నేనూ ఒకటి అనేవాణ్ణి.

"ఒక్కటి చెప్పు మైసయ్యా. అది నిజం చీటీ అని నీకు ఎర్కనే కద?"

"చీటీ అయితే ఇచ్చిన కద మేడం."

తల ఊపింది. బెల్లు కొట్టే టైమైందని ఆమే గుర్తు చేసింది. నాలుగో పీరియడ్‌కి పోయింది.

26 ఫిబ్రవరి, శనివారం

నిన్న జిరాక్సులు పట్టుకుని గురుకులానికి పోయిందట. ఒరిజినల్స్ లేకుండా కుదరదన్నారట. సోమవారం దాకా ఆగమని అడిగిందట. ఆమె వెనక కుర్చీలో తర్వాతి మనిషి ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉందట. వెంకట్రావు సారు చెప్పాడు. నాకు చెప్పలేదు. నాకు వినపడేటట్టు చెప్పాడు.

28 ఫిబ్రవరి, సోమవారం

సారు వచ్చాడు. శనివారం లేని మీటింగు ఇవాళ పెట్టాడు. తెల్లచీటీ ఆమె చేతికిచ్చి వెనకవైపు చదవమన్నాడు.

"ఈసారి రాను. సుమలత," అని చదివింది.

"మైసయ్యా, చీటీ ఇచ్చావా?"

"ఇచ్చిన సార్."

"ఆమె చేతికే?"

"చేతికే సార్."

"ఇందులో నా తప్పేమన్నా ఉందా?" అని సారు అందరినీ అడిగాడు. అందరూ బల్లలు చూసుకున్నారు. వెంకట్రావు సారు లేవబోయాడు. పక్కాయన, కొంగు లాగినట్టు, ఆయన చొక్కా లాగాడు. వెంకట్రావు సారు ఒరిజినల్స్ కూడా అదే బీరువాలో ఉన్నాయి. కూర్చున్నాడు.

ఇప్పుడు ఆమె చెప్తుందనుకున్నాను. పధ్నాలుగో తారీఖు సంగతి చెప్తే చాలు. ఆమె నన్ను చూడనే లేదు.

"నాదే పొరపాటు సార్. నాకు సమజ్ గాలేదు. ఏది నిజమో నాకు సమజైతలేదు ఈ నడుమ."

నన్ను కాపాడటానికి అంటే వేరు. అట్లా అనలేదు. నిజంగానే తనదే తప్పని అనుకుంటున్నట్టు అంది.

నా ఉద్యోగం ఉంది. సాయంత్రం పూలమ్మకి జిలేబీ తీసుకుపోయాను.

10 మార్చి, గురువారం

జనమంతా ట్యాంక్‌బండ్ వైపు పోయారు. స్కూలు సెలవు.

16 మార్చి, బుధవారం

మేడం హాజరు రెండుసార్లు పిలుస్తోంది. పిల్లలు రెండోసారి గొంతులు మార్చి పలుకుతున్నారు. ఏడు ఎనిమిదులు ఎంత అని పిల్లలని అడిగి, వాళ్లు చెప్పింది రాస్తోంది. ఒకడు కావాలని యాభై నాలుగు అన్నాడు. రాసింది. క్లాసంతా నవ్వింది. వాడు నా వైపు చూసి కన్ను కొట్టాడు, మన ఇద్దరం ఒకటే అన్నట్టు.

నేను చీపురు తీసుకుని కిందికి వచ్చేశాను.

22 మార్చి, మంగళవారం

టెన్త్ బి గుమ్మం దాటుతుంటే లోపల చప్పుడు లేదు. బోర్డు మీద సగం సున్నా ఉంది. ఆమె చాక్‌పీసు అక్కడే ఆనించి నిలబడి ఉంది. బెల్లు కొట్టేదాకా అట్లాగే ఉంది. పిల్లలు కూడా నవ్వలేదు.

బెల్లు రెండు నిమిషాలు ముందు కొట్టాను. ఎవరూ కనిపెట్టలేదు.

16 ఏప్రిల్, శనివారం

సుమలత మేడం మానేసింది. సారు బీరువా తీసి ఒరిజినల్స్ అడక్కుండానే ఇచ్చేశాడు. "ఆ మనిషి ఇక పనికిరాదులే మైసయ్యా," అన్నాడు నాతో. పనికొచ్చేవాళ్లవే బీరువాలో ఉంటాయి.

గేటు దగ్గర ఆగింది. ఫోల్డరులోంచి కాగితాలు తీసి నా చేతికిచ్చింది.

"ఇవి నావేనా మైసయ్యా? అసలువేనా? జర చూడు."

పరాచికం అనుకుని మొహం చూశాను. పరాచికం కాదు.

"నాకు ఇంగ్లీషు రాదు కద మేడం," అన్నాను.

"అవును కద," అని కాగితాలు మళ్లీ లోపల పెట్టుకుంది. గల్లీ చివర ఒకసారి ఆగి ఫోల్డరు తెరిచి చూసుకుంది. మళ్లీ నడిచింది. మళ్లీ ఆగింది.

13 జూన్, సోమవారం

బడి డైరీ కదా, తారీఖులు ఏప్రిల్‌తోనే అయిపోయాయి. సెలవుల పట్టిక వెనక రాస్తున్నాను.

"మీ అమ్మాయి డిగ్రీ అయిపోయిందిగా? నాలుగో తరగతికి లెక్కలు చెప్పమను," అన్నాడు సారు. పూలమ్మ కొత్త చీర తీసింది. రమ్య ఒరిజినల్స్ నేనే పట్టుకుపోయి సారుకిచ్చాను. సుమలత మేడం ఫైలు ఉండే అర ఖాళీగా ఉంది. అందులో పెట్టాడు.

"మా సుమలత మేడం ఎందుకు మానేసింది నాయినా?" అని దారిలో రమ్య అడిగింది.

"మంచి నౌకరి దొరికిందట బిడ్డా."

"నేను గూడ ఆమె లెక్కనే చెప్త చూడు."

7 జులై, గురువారం

రెండు రోజుల బందు తర్వాత స్కూలు. పది గంటలకి సారు చీటీ రాసి ఇచ్చాడు. గులాబీది. రమ్య పేరు. "కూతురని చూడకు, అందరితో పాటే," అన్నాడు.

నాలుగో తరగతి కూడా రెండో అంతస్తే.

గుమ్మంలోకి పోయేసరికి రమ్య బోర్డు దగ్గర ఉంది. కంపాసు లేదు. చెయ్యి ఒక్కసారి తిప్పింది. పూర్ణచంద్రుడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, తర్వాత నా చెయ్యి చూశారు, ఆపేశారు.

రమ్య నా మొహం చూసింది. నేను మొహం బిగించాను. ఎంత బిగించినా అది వచ్చింది, ఆ నవ్వు.

"నాయినా! ఇంట్ల చేసినయి చాలవా, ఈడ గూడనా?"

"నిజమే బిడ్డా. సార్ పిలుస్తుండు."

"ఆఁ, పిలుస్తడు పిలుస్తడు."

"ఒట్టు బిడ్డా. మీ అమ్మ మీద ఒట్టు."

అది ఇంకా నవ్వింది. పిల్లలు కూడా నవ్వారు. చీటీ వెనక ఏదో రాసి, మడిచి, నా చొక్కా జేబులో పెట్టి, నన్ను భుజాలు పట్టి వెనక్కి తిప్పింది.

మెట్ల మీద విప్పి చూశాను. "రాను పో నాయినా."

ఇరవయ్యో మెట్టు మీద చీటీ నోట్లో వేసుకుని నమిలాను. గులాబీ రంగు చేదుగా ఉంది. మింగాను.

"ఇచ్చావా?" అన్నాడు సారు.

"లేదు సార్. ఎక్కడ్నో పడిపోయింది. నాదే తప్పు."

తిట్టాడు. ముసలి గాడిద అన్నాడు, చదువు లేని వెధవ అన్నాడు, ఇంకొకసారి అయితే ఇంటికే అన్నాడు. తర్వాత ఫోను మోగింది. ఎత్తి మాట్లాడుతూ, నన్ను చూడకుండానే ఇంకో గులాబీ చీటీ రాసి ఇచ్చాడు.

గోడ గడియారం ఆయన తల వెనకే ఉంటుంది. తిట్టినంతసేపూ నేను దాన్నే చూశాను. ఒక్క నిమిషం. అంతే. ఫిబ్రవరిలో ఆ మెట్ల మీద గంట పడుతుందనుకున్నాను.